మాడ్యులర్ టెనర్ ట్రాంబోన్‌కు బెల్ ఎంపిక: ఆకృతి, లోహం, నాదం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాశ్చాత్య సంగీతంలోని లోహ సుషిరవాద్యాలలో ట్రాంబోన్ ప్రధానమైనది. భాగాలను విడదీసి మార్చుకోగల మాడ్యులర్ నిర్మాణం వచ్చిన తరువాత, వాద్యం మొత్తాన్ని కాక, విచ్చుకున్న చివరి భాగమైన బెల్‌ను మాత్రమే మార్చుకొనే వీలు వాదకులకు కలిగింది. అయితే ఏ బెల్‌ను ఎంచుకోవాలి, ఏ లక్షణాన్ని ప్రధానంగా చూడాలి అనే విషయంలో వాదకుల అనుభవానికీ, ధ్వనిశాస్త్ర ప్రయోగాల ఫలితాలకూ మధ్య అంతరం కనిపిస్తుంది. బెల్ ఆకృతి, మిశ్రలోహం, రేకు మందం, అతుకు, అంచు అనే ఐదు అంశాలను విడివిడిగా పరిశీలించి, వాటి ప్రభావాన్ని అంచనా వేసి, ఎంపికకు ఒక క్రమపద్ధతిని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ట్రాంబోన్, బెల్, ఇత్తడి, అనునాదం, గోడ కంపనాలు, నాదగుణం, అంధపరీక్ష.

ఉపోద్ఘాతం:

వాద్యం నాదం దేనివల్ల ఏర్పడుతుంది? దానిని చేసిన పదార్థం వల్లనా, దానికి ఇచ్చిన ఆకృతి వల్లనా? ఈ ప్రశ్న ఏ ఒక్క దేశానికీ పరిమితమైనది కాదు. ఒకే పనస మొద్దును తొలిచి చేసిన బొబ్బిలి ఏకాండి వీణకూ, భాగాలుగా చేసి అతికిన వీణకూ నాదంలో భేదం ఉందని మన వైణికులు చెబుతారు. నాదస్వరం కొయ్య గురించీ, దాని చివర బిగించే విచ్చుకున్న భాగం గురించీ ఇటువంటి చర్చే ఉంది. ఈ ప్రశ్నను ప్రయోగపూర్వకంగా పరీక్షించడానికి మాడ్యులర్ ట్రాంబోన్ మిక్కిలి అనువైన వాద్యం. ఇందులో మిగిలిన భాగాలన్నీ యథాతథంగా ఉంచి బెల్ ఒక్కదానిని మార్చవచ్చు. ఒక చలరాశిని మార్చి తక్కినవాటిని స్థిరంగా ఉంచడమే ప్రయోగ పద్ధతికి మూలం కనుక, ఈ వాద్యం వాదకునికి సాధనం అయినట్టే పరిశోధకునికి ప్రయోగశాల కూడా అవుతుంది.

తెలుగు ప్రాంతాలలో ట్రాంబోన్ పోలీసు బ్యాండ్లలోనూ, పెళ్లి బ్యాండ్లలోనూ కనిపించే వాద్యమే. కాని మాడ్యులర్ వాద్యాలు ఇక్కడ అరుదు. అటువంటి వాద్యం గల వాదకుడు కొత్త బెల్ కావాలనుకుంటే, చాలా సందర్భాలలో ఊది చూడకుండానే, తయారీదారు ఇచ్చిన వర్ణనను మాత్రమే నమ్మి, పెద్ద మొత్తం వెచ్చించి తెప్పించుకోవలసి వస్తుంది. కనుక ఆ వర్ణనలలో ఏది నమ్మదగినది, ఏది కాదు అనే వివేచన కేవలం సిద్ధాంత చర్చగా మిగలదు.

1. టెనర్ ట్రాంబోన్ నిర్మాణం – మాడ్యులర్ పద్ధతి:

బి ఫ్లాట్ శ్రుతిలోని టెనర్ ట్రాంబోన్ గొట్టం పొడవు సుమారు 2.7 మీటర్లు. ఇందులో మౌత్‌పీస్, దాని వెంటనే వచ్చే సన్నని లీడ్‌పైప్, ముందుకు వెనుకకు జరిపే స్లైడు, శ్రుతిని సవరించే ట్యూనింగ్ స్లైడు, చివర బెల్ ఉంటాయి. చాలా వాద్యాలలో వీటికి తోడు ఎఫ్ శ్రుతికి దించే వాల్వు ఉంటుంది. ఈ ఏర్పాటును లైప్‌జిగ్‌కు చెందిన క్రిస్టియన్ ఫ్రీడ్రిష్ సాట్లర్ 1839లో ప్రవేశపెట్టాడు.

స్లైడు గొట్టం లోపలి వ్యాసాన్ని బోరు అంటారు. నేటి సింఫనీ వాద్యబృందాలలో వాడే టెనర్ ట్రాంబోన్ బోరు సాధారణంగా 0.547 అంగుళాలు, అనగా సుమారు 13.9 మిల్లీమీటర్లు. దాని బెల్ వ్యాసం 8.5 అంగుళాలు, అనగా సుమారు 216 మిల్లీమీటర్లు. జాజ్ వాదకులు ఎక్కువగా 0.500 అంగుళాల పరిసరాల్లోని చిన్న బోరును, 8 అంగుళాలు లేదా అంతకు తక్కువ వ్యాసం గల బెల్‌ను ఇష్టపడతారు.

పూర్వం ఈ భాగాలను కర్మాగారంలోనే మాటు పెట్టి శాశ్వతంగా కలిపేవారు. అమెరికాలోని ఎడ్వర్డ్స్, షైర్స్, ఇంగ్లాండులోని రాత్ వంటి తయారీదారులు భాగాలను విడివిడిగా ఎంచుకొని కూర్చుకొనే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చారు. ఈ పద్ధతిలో బెల్ సన్నని కొన ట్యూనింగ్ స్లైడుతో కలుస్తుంది. వాల్వు భాగానికి అది అడ్డుకమ్మీలతో, మరలతో బిగుసుకుంటుంది. మరలు విప్పితే కొద్ది నిమిషాలలో ఒక బెల్ తీసి మరొకటి అమర్చవచ్చు.

2. ధ్వనిశాస్త్ర దృష్టిలో బెల్ చేసే పని:

శబ్దాన్ని పెద్దది చేయడమే బెల్ పని అని సామాన్యంగా భావిస్తారు. వాస్తవానికి దాని పనులు మూడు.

మొదటిది అనునాదాలను క్రమబద్ధం చేయడం. ఒక వైపు పెదవులతో మూసుకున్న, రెండవ వైపు తెరిచి ఉన్న సమ వ్యాసపు గొట్టం ఒకటి, మూడు, ఐదు అనే బేసి నిష్పత్తులలో మాత్రమే అనునాదం చెందుతుంది. బెల్, మౌత్‌పీస్ కలిసి ఈ అనునాదాలను జరిపి, రెండవదాని నుండి పైవాటిని రెండు, మూడు, నాలుగు, ఐదు అనే పూర్ణాంక నిష్పత్తులకు దగ్గరగా తెస్తాయి. మొదటి అనునాదం మాత్రం ఈ క్రమంలో ఇమడక, చాలా దిగువన ఉండిపోతుంది. అయినా పెడల్ స్వరం అని పిలిచే అతి మంద్రస్వరం పలకడానికి పై అనునాదాలే ఆధారమవుతాయి.

రెండవది పరావర్తనం, ప్రసరణ మధ్య సమతుల్యం. గొట్టంలోని తరంగం బెల్ వద్దకు చేరగానే కొంత వెనుకకు మరలుతుంది, కొంత బయటికి పోతుంది. వెనుకకు మరలినది పెదవుల కంపనాన్ని నిలబెడుతుంది. బయటికి పోయినది శ్రోతకు వినబడుతుంది. మంద్ర పౌనఃపున్యాలు బెల్ విచ్చుకోవడం మొదలైన చోటనే ఎక్కువగా మరలిపోతాయి. తార పౌనఃపున్యాలు మరింత ముందుకు చొచ్చుకుపోయి మరలుతాయి. ఒక హద్దు దాటినవి దాదాపు మరలకుండానే వెలుపలికి పోతాయి. టెనర్ ట్రాంబోన్‌లో ఈ హద్దు సుమారు 700 హెర్ట్జ్ వద్ద ఉంటుంది. బెల్ వేగంగా విచ్చుకుంటుందా, నిదానంగా విచ్చుకుంటుందా అన్నదానిని బట్టి ఈ హద్దు మారుతుంది.

మూడవది దిశ. మంద్ర అనుస్వరాలు అన్ని వైపులకూ వ్యాపిస్తాయి. తార అనుస్వరాలు బెల్ ముందు దిశలో కేంద్రీకృతమవుతాయి. కనుక బెల్ వెనుక ఉన్న వాదకుడు వినే నాదం, ఎదురుగా కూర్చున్న శ్రోత వినే నాదం ఒకటి కావు. బెల్ ఎంపికలో జరిగే అనేక పొరపాట్లకు మూలం ఇక్కడే ఉంది.

గట్టిగా ఊదినప్పుడు ట్రాంబోన్‌లో వినిపించే కంచుధ్వనికి కారణాన్ని హిర్ష్‌బర్గ్, గిల్బర్ట్, మ్సల్లమ్, వెయ్‌నాండ్స్ 1996లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. పొడవైన సమ వ్యాసపు గొట్టంలో పయనించే తీవ్రమైన పీడన తరంగం ముందువైపు క్రమంగా నిటారుగా మారి, చివరకు అఘాత తరంగంగా పరిణమిస్తుంది. దానితో తార అనుస్వరాలు ఒక్కసారిగా బలపడతాయి. గొట్టం త్వరగా వెడల్పయ్యే యూఫోనియం వంటి వాద్యాలలో ఈ పరిణామం తక్కువ. అంటే ట్రాంబోన్ కంచుతనం ప్రధానంగా గొట్టం లోపలి గాలికి సంబంధించినదే గాని, ఇత్తడి రేకు మోగడం వల్ల వచ్చినది కాదు.

3. బెల్ నిర్మాణంలో భేదాలు:

3.1 ఆకృతి: బెల్ లోపలి రేఖ, అంటే కొన నుండి అంచు వరకు వ్యాసం పెరిగే తీరు, దానిని మలిచే ఉక్కు అచ్చును బట్టి ఏర్పడుతుంది. సింఫనీ ట్రాంబోన్లలో బాక్ 42, కాన్ 88హెచ్ అనే రెండు నమూనాలు చిరకాలంగా ప్రమాణాలుగా నిలిచాయి. రెండింటికీ బోరు, అంచు వ్యాసం దాదాపు సమానమే. అయినా వాటి పలుకు వేరుగా ఉంటుందని వాదకులు గుర్తిస్తారు. కనుక 8.5 అంగుళాలు అనే ఒక్క అంకె బెల్‌ను పూర్తిగా వర్ణించదు. పీడనం అధికంగా మారే చోట గొట్టాన్ని కొద్దిగా వెడల్పు చేస్తే ఆ అనునాదం శ్రుతి తగ్గుతుంది. గాలి కదలిక అధికంగా ఉండే చోట వెడల్పు చేస్తే పెరుగుతుంది. ఆ స్థానాలు ఒక్కొక్క అనునాదానికి ఒక్కొక్క చోట ఉంటాయి. అందువల్ల బెల్ కంఠభాగంలో స్వల్ప భేదం కూడా కొన్ని స్వరాలను హెచ్చించి, మరికొన్నింటిని తగ్గించగలదు.

3.2 మిశ్రలోహం: బెల్ తయారీలో మూడు రకాల ఇత్తడి విరివిగా వాడుకలో ఉంది. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసినది పసుపు ఇత్తడి. 85 పాళ్లు రాగి, 15 పాళ్లు జింకు కలిసినది బంగారు ఇత్తడి. 90 పాళ్లు రాగి, 10 పాళ్లు జింకు కలిసినది ఎర్ర ఇత్తడి. దీనినే రోజ్ బ్రాస్ అంటారు. పసుపు ఇత్తడి స్పష్టంగా పలుకుతుందనీ, రాగి పెరిగేకొద్దీ నాదం మెత్తగా, ముదురుగా ఉంటుందనీ వాడుక.

భౌతిక ధర్మాలను చూస్తే ఈ మాటను సరళంగా అంగీకరించడం కష్టం. పసుపు ఇత్తడి సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 8.53 గ్రాములు, ఎర్ర ఇత్తడిది సుమారు 8.80 గ్రాములు. భేదం మూడు శాతం పైచిలుకు. యంగ్ గుణకం పసుపు ఇత్తడికి సుమారు 110, ఎర్ర ఇత్తడికి సుమారు 115 గిగాపాస్కల్‌లు. సహజ కంపన పౌనఃపున్యం ఈ రెండింటి నిష్పత్తి వర్గమూలాన్ని అనుసరిస్తుంది. రెండూ ఒకే దిశలో పెరగడం వల్ల నిష్పత్తిలో భేదం చాలావరకు సర్దుకుపోతుంది. లెక్కించి చూస్తే, ఒకే ఆకృతి, ఒకే మందం గల రెండు బెల్‌ల సహజ పౌనఃపున్యాలలో కలిగే తేడా ఒక శాతం కంటే తక్కువ.

అయితే లోహాల మధ్య నిజమైన భేదాలు లేకపోలేదు. జింకు ఎక్కువగా ఉన్న ఇత్తడి తేమ, ఆమ్లాల వల్ల జింకును కోల్పోయి ఎర్రని మచ్చలతో పెళుసెక్కుతుంది. 15 శాతం, అంతకు తక్కువ జింకు ఉన్న ఇత్తడిలో ఈ వ్యాధి అరుదు. మరోవైపు ఎర్ర ఇత్తడి మెత్తనిది కనుక సులభంగా సొట్టలు పడుతుంది. మన్నిక దృష్టితో లోహాన్ని ఎంచుకోవడానికి ఇవి బలమైన కారణాలు.

3.3 రేకు మందం: అమెరికా తయారీదారులు మందాన్ని గేజి సంఖ్యలలో చెబుతారు. సంఖ్య పెరిగేకొద్దీ రేకు పలుచన. 20 గేజి రేకు మందం 0.81 మిల్లీమీటర్లు, 22 గేజి రేకుది 0.64 మిల్లీమీటర్లు. భేదం 21 శాతం. పలుచని రేకు వంగుడు దృఢత మందం ఘనాన్ని అనుసరిస్తుంది కనుక, 20 నుండి 22కు మారితే దృఢత సుమారు సగానికి పడిపోతుంది. వంపు కంపనాల పౌనఃపున్యం సుమారు 21 శాతం తగ్గుతుంది. లోహం మార్పుతో వచ్చే ఒక శాతం లోపు తేడాతో పోలిస్తే ఇది ఎంతో పెద్దది. అంతేకాక, ఈ గేజి మొదట తీసుకున్న రేకుది. సుత్తిపని, లేతుపని, మెరుగు పూర్తయ్యేసరికి రేకు ఒక్కొక్క చోట ఒక్కొక్క మేర పలుచబడుతుంది. ఈ తరుగుదలలోని తేడా లోహాల మధ్య తేడాను మించిపోగలదు.

3.4 ఏకఖండ, ద్విఖండ నిర్మాణం: ఏకఖండ బెల్‌కు ఒకే రేకును నమూనా ప్రకారం కత్తిరించి, నిలువునా మడిచి అతికి, అచ్చుపై సుత్తితో సాగదీస్తారు. ద్విఖండ బెల్‌లో కాండాన్ని, విచ్చుకున్న భాగాన్ని వేరువేరుగా చేసి వలయాకారంగా అతుకుతారు. రెండవదానిలో విచ్చుకున్న భాగాన్ని గుండ్రని బిళ్ళ నుండి లేతుపై ఒత్తి తీస్తారు. సుత్తిదెబ్బలకు ఇత్తడి గట్టిపడుతుంది. మళ్ళీ కాల్చి చల్లార్చితే మెత్తబడుతుంది. ఇది పెంబర్తి ఇత్తడి రేకు పనివారికి తరతరాలుగా తెలిసిన విషయమే. చివరి కాల్పు తరువాత ఎంత పని జరిగిందన్నదానిని బట్టి బెల్ గట్టిదనం నిర్ణయమవుతుంది. ఒకే లోహంతో, ఒకే గేజితో చేసిన రెండు బెల్‌లు వేరుగా ఉండడానికి ఇది ఒక కారణం. మన ఏకాండి వీణకు ఉన్న గౌరవమే అక్కడ ఏకఖండ బెల్‌కు ఉంది. అయితే ద్విఖండ బెల్ తక్కువ స్థాయిది అనుకోవడం సరికాదు. అది వేరొక పద్ధతి మాత్రమే.

3.5 అంచు: బెల్ అంచులో ఒక తీగను ఉంచి రేకును దానిపై మడుస్తారు. ఆ తీగను మాటు పెట్టి బిగించవచ్చు, లేదా కేవలం మడతలో పట్టి ఉంచవచ్చు. మాటు పెడితే అంచు గట్టిపడుతుంది. జర్మన్ సంప్రదాయ ట్రాంబోన్లలో అంచు చుట్టూ క్రాంజ్ అనే అదనపు లోహపట్టీ ఉంటుంది. ఇవన్నీ బెల్ చివరి భాగపు బరువును, దృఢతను మార్చే ఉపాయాలు.

4. గోడ కంపనాలు – వాదోపవాదాలు:

బెల్ గోడ కంపిస్తుందనడంలో సందేహం లేదు. వేలు ఆనిస్తే తెలుస్తుంది. ఆ కంపనం శ్రోత వినే నాదాన్ని మారుస్తుందా అన్నదే ప్రశ్న. 1909లో డేటన్ మిల్లర్ ఆర్గన్ గొట్టాలపై ప్రయోగాలు చేసి, గోడ పదార్థం నాదాన్ని ప్రభావితం చేస్తుందని ప్రకటించాడు. 1971లో జాన్ కోల్ట్‌మన్ వెండి, రాగి, కొయ్యలతో ఒకే లోపలి కొలతలు గల వేణువులు చేయించి పరీక్షించగా, శ్రోతలు వాటిని వేరుచేసి గుర్తించలేకపోయారు. 1986లో ఇంగ్లాండుకు చెందిన రిచర్డ్ స్మిత్ ఒకే ఆకృతిలో వేరువేరు మందాలు గల ట్రాంబోన్ బెల్‌లను అనుభవజ్ఞులైన వృత్తి వాదకులకు చూపకుండా ఇచ్చి ఊదించాడు. వారు కూడా వాటిని నమ్మకంగా గుర్తించలేకపోయారు.

దీనితో వాదం ముగిసిపోలేదు. అమెరికాలో థామస్ మూర్, ఆస్ట్రియాలో విల్‌ఫ్రీడ్ కౌజల్ మొదలైనవారు ట్రంపెట్ వంటి వాద్యాల బెల్ కంపనాన్ని అణచి, స్వేచ్ఛగా వదిలి, రెండు స్థితులలోని నాదాన్ని కొలిచి చూశారు. బెల్ మొత్తం అక్షం వెంబడి ముందుకు వెనుకకు ఊగే కంపనం, చిన్నదే అయినా కొలవదగిన మార్పును కలిగిస్తుందని వారు చూపారు. ఈ ఫలితాలు స్మిత్ ఫలితాలకు పూర్తిగా విరుద్ధమైనవి కావు. కొలవదగిన ప్రతి మార్పూ చెవికి గుర్తించదగినది కానవసరం లేదు. కంపనాన్ని పూర్తిగా అణచడం వేరు, మందాన్ని కొద్దిగా మార్చడం వేరు.

మరి వాదకులు చెప్పే భేదం భ్రమయేనా? అలా తోసిపుచ్చడం శాస్త్రీయం కాదు. దానికి మూడు వివరణలు సాధ్యం. మొదటిది, వేరు లోహపు బెల్‌లు చేతిపనిలో ఆకృతిలోనూ కొద్దిగా వేరుపడి ఉండవచ్చు. వాదకుడు గుర్తించిన భేదం నిజమే, దానికి చెప్పిన కారణం మాత్రం సరికాకపోవచ్చు. రెండవది, వాదకుడు చేతితో, పెదవితో, చెవి పక్కనే ఉన్న బెల్ కంపనంతో వాద్యాన్ని అనుభవిస్తాడు. ఆ స్పర్శ అతని ఊదే తీరును మార్చి, పరోక్షంగా నాదాన్ని మార్చగలదు. మూడవది, రంగు, ధర, పేరు ముందే తెలియడం వల్ల కలిగే అపేక్ష. ఈ మూడింటినీ విడదీయగల పరీక్షే ఎంపికకు సరైన ఆధారం.

5. ఎంపిక విధానం:

5.1 అవసర నిర్ధారణ: ముందుగా లోపం బెల్‌లోనే ఉందో లేదో తేల్చుకోవాలి. పలుకు మందగించడానికి వాల్వులో గాలి కారడం, స్లైడు గొట్టాలు సమాంతరంగా లేకపోవడం, లీడ్‌పైప్ నప్పకపోవడం కారణాలు కావచ్చు. మౌత్‌పీస్, లీడ్‌పైప్ మార్చడం బెల్ మార్చడం కంటే ఎంతో చౌక. పెదవులకు దగ్గరగా ఉండడం వల్ల వాటి ప్రభావం కూడా అధికం. కనుక పరీక్ష అక్కడ మొదలై బెల్ వద్ద ముగియాలి. సొట్టలను నిపుణుడు సరిచేయగలడు. అతుకు విడిపోవడం, జింకు పోయి రేకు పెళుసెక్కడం, పదేపదే సవరించి రేకు పలుచబడడం వంటి స్థితులలో మార్పు సమంజసం.

5.2 అమరిక: ఒక తయారీదారు బెల్ మరొకరి వాద్యానికి నేరుగా బిగుస్తుందని అనుకోరాదు. బెల్ కొన వ్యాసం, ట్యూనింగ్ స్లైడు కాళ్ల మధ్య దూరం, అడ్డుకమ్మీల స్థానం, మరల కొలత ముందుగా సరిచూడాలి. బలవంతంగా బిగించిన కమ్మీ లోహంలో ఒత్తిడి నిలిపి, పలుకును దెబ్బతీస్తుందని వాద్య నిపుణులు హెచ్చరిస్తారు.

5.3 పరీక్ష: స్లైడు, లీడ్‌పైప్, వాల్వు, ట్యూనింగ్ స్లైడు, మౌత్‌పీస్ మార్చకుండా రెండు బెల్‌లను పోల్చాలి. వాద్యాన్ని తగినంత సేపు ఊది వేడెక్కించాలి. లోపలి గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే శ్రుతి సుమారు మూడు సెంట్లు పెరుగుతుంది. ఈ జాగ్రత్త లేకపోతే రెండవసారి ఊదిన బెల్ ఎప్పుడూ హెచ్చు శ్రుతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. తరువాత స్లైడు మూసి ఉంచి వరుస అనునాదాలను శ్రుతియంత్రంతో కొలిచి నమోదు చేయాలి. ఐదవ అనుస్వరం సమవిభాజిత శ్రుతి కంటే 14 సెంట్లు, ఏడవది 31 సెంట్లు సహజంగానే తక్కువ. వాటిని బెల్ దోషంగా పరిగణించకూడదు.

నాదగుణానికి అంధపరీక్ష అవసరం. వాదకుని కళ్లకు గంతలు కట్టి, మరొకరు నాణెం ఎగురవేసి దాని ప్రకారం బెల్‌ను మార్చాలి. బరువు తేడా చేతికి తెలియకుండా తేలిక బెల్ ఉన్నప్పుడు చిన్న బరువును జతచేయడం మేలు. ఆ బరువును బెల్‌కు కాక వాల్వు భాగానికి కట్టాలి. ప్రతిసారీ ఇది మొదటిదా, రెండవదా అని వాదకుడు చెప్పాలి. పదిసార్లలో తొమ్మిది లేదా పది సరైన సమాధానాలు కేవలం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 1024లో 11, అంటే సుమారు ఒక శాతం. ఎనిమిది లేదా అంతకు మించి వచ్చే అవకాశం 5.5 శాతం. కనుక ఏడు సరైన సమాధానాలను నిరూపణగా స్వీకరించలేము. ఇదే పరీక్షను హాలులో పది, పదిహేను మీటర్ల దూరంలో కూర్చున్న శ్రోతతోనూ జరపాలి. వాదకుడు గుర్తించి శ్రోత గుర్తించలేకపోతే ఆ భేదం వాదకుని సౌకర్యానికి చెందినది. దానికి కూడా విలువ ఉంది. కాని వెచ్చించే మొత్తం దేనికోసమో అప్పుడు స్పష్టమవుతుంది.

ఊది చూసే అవకాశం లేనప్పుడు వర్ణనలోని అంశాలను వాటి ప్రభావాన్ని బట్టి వరుసగా చూడాలి. మొదట ఆకృతి, వ్యాసం, తరువాత మందం, ఆ తరువాత అతుకు, అంచు, చివర లోహం. కేటలాగులు తరచుగా ఈ వరుసను తలకిందులు చేసి, లోహం పేరునే ముందు ప్రకటిస్తాయి. ప్రస్తుత బెల్ ఆకృతి తనకు నచ్చినదైతే, అదే ఆకృతిలో కొత్తది కోరడం అన్నిటికంటే తక్కువ ప్రమాదంతో కూడిన మార్గం. నచ్చకపోతే తిరిగి పంపే నిబంధనను ముందే రాతపూర్వకంగా పొందడం అవసరం.

ముగింపు:

1. బెల్ ప్రధానంగా గాలిస్తంభానికి ఆకృతినిచ్చే భాగం. దాని శ్రుతి, పలుకు, నాదగుణాలలో అధికభాగం లోపలి రేఖపై ఆధారపడతాయి.

2. పసుపు, బంగారు, ఎర్ర ఇత్తడి మధ్య యాంత్రిక భేదం స్వల్పం. మందంలోనూ, చేతిపనిలోనూ వచ్చే భేదం దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. లోహం ఎంపికలో మన్నికకు ప్రాధాన్యం ఇవ్వడం సహేతుకం.

3. గోడ కంపనాల ప్రభావం కొలవదగినదే గాని చిన్నది. వాదకుని అనుభవాన్ని తిరస్కరించకుండా, దానికి అతను చెప్పే కారణాన్ని మాత్రం పరీక్షకు పెట్టాలి.

4. లోహం పేరును బట్టి కాక, చేతిలో ఉన్న ఆ ఒక్క బెల్‌ను అంధపరీక్షలో పోల్చి ఎంచుకోవడం ఉత్తమ విధానం.

ఈ పరీక్షా పద్ధతి ట్రాంబోన్‌కే పరిమితం కానవసరం లేదు. నాదస్వరంలో విచ్చుకున్న భాగం విడిగా తీయదగినదే కనుక, వేరు కొయ్యలతో, లోహంతో ఒకే లోపలి కొలతలలో దానిని చేయించి, ఇక్కడ వివరించిన రీతిలో అంధపరీక్ష జరపవచ్చు. మన వాద్య నిర్మాతలు తరతరాలుగా చెబుతూ వచ్చిన మాటలలో ఆకృతికి చెందినది ఎంత, పదార్థానికి చెందినది ఎంత అన్నది అటువంటి పరిశోధనలలో తేలుతుంది.